మంచు నుంచి వచ్చిన నాగజెముడు

మా అన్న లారీ డ్రైవర్. కేసముద్రం మార్కెట్ల మిర్చి లోడ్ చేసుకొని ఢిల్లీ పోయేటోడు. అక్కడ దింపినంక దొరికిన కిరాయి పట్టుకొని ఇంకా పైకి, కొండల దాకా పోయేటోడు. మా ఇల్లు మార్కెట్ యార్డు ఎనుకనే. అందుకని పోయేముందు ఒక పూట నా దగ్గర తినుడు, తిరిగొచ్చినంక ఇంకో పూట తిని బచ్చన్నపేటకు, తన ఇంటికి పోవుడు ఆయనకు అలవాటు. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి తెచ్చేటోడు. ఆపిల్ పండ్లు, అక్రోట్లు, ఒకసారి నాకు ఉన్ని శాలువ. ఒక చలికాలం మాత్రం పాత పేపర్ల చుట్టి రెండు నాగజెముడు మట్టలు తెచ్చిండు.

నాకు నవ్వొచ్చింది. మన దిక్కు నాగజెముడు కరువైందా, అంత దూరం నుంచి మోసుకొచ్చినవ్ అని అడిగిన. అన్న నవ్వలే. "గిది మంచుల బతికే జాతి," అన్నడు.

అన్నం తినుకుంట చెప్పిండు. హిమాచల్‌ల పండ్ల లోడ్ కోసం పోతే మంచు పడి రోడ్డు బందయ్యిందట. లారీలన్నీ వరుసగ ఆగిపోయినయట. రోడ్డు పక్కన ఒక ముసలామె దాబా నడుపుతది. రోడ్డు తెరిచేదాక డ్రైవర్లందరికీ ఆమెనే రొట్టెలు చేసి పెట్టిందట. దాబా పక్క రాళ్ళ గోడ మీద మంచు కరిగినంక చూస్తే, కింద ఈ నాగజెముడు ముడుతలు పడి, నేలకు అతుక్కొని ఉన్నదట. చచ్చిపోయింది గదా అని అన్న అడిగితే, ఎండలు రానీ, లేచి పూస్తది అని ఆమె రెండు మట్టలు కోసిచ్చిందట. రాళ్ళల్లనే పెట్టుమని మరీ మరీ చెప్పిందట.

ఆ మాట నేను చెవిల వేసుకోలే. బోరు దగ్గర నల్లమట్టి మంచిగున్నదని అక్కడ పెట్టిన. పెట్టేటప్పుడే చేతులకు నూగుముండ్లు గుచ్చుకున్నయ్. పెద్ద ముండ్లయితే కనబడ్తయ్, పీకేయొచ్చు. ఈ నూగుముండ్లు కంటికి కనబడయ్, చెయ్యి ఏది ముట్టినా చురుక్కుమంటయ్. ప్యాకింగ్ టేపు అతికించి గుంజితే కొన్ని వచ్చినయ్, కొన్ని అట్లనే ఉండిపోయినయ్.

వానకాలం వచ్చేసరికి ఒక మట్ట మొదలు మురిగిపోయింది. మాగిన అరటిపండు తీరు మెత్తగయ్యి పక్కకు వాలింది. ఫోన్ చేసి చెప్తే, రాళ్ళల్ల పెట్టుమంటే ఏం చేసినవ్ అని అన్న కోపం చేసిండు. మురిగిన కాడికి కోసి, కోసిన చోటు మంచిగ ఎండేదాక నీడల పెట్టుమన్నడు. ఆ తర్వాత ఇటుక ముక్కలు, మొరం కలిపి గోడ పక్కన చిన్న గద్దె లెక్క కట్టి దాని మీద పెట్టిన. నీళ్ళు దాదాపు పోయలేదు. అప్పుడు బతికింది. పైకి ఎదగలే, నేల మీద పాకుకుంట ఒక మట్ట మీద ఇంకో మట్ట వేసుకుంట పోయింది. పువ్వు మాత్రం పుయ్యలేదు. పక్కింటామె చూసినప్పుడల్లా ముండ్ల చెట్టు ఇంట్ల ఉంచుకోవద్దు అనేది. నా పెనిమిటి దాన్ని ఎన్నడూ పట్టించుకోలే, బట్టలు ఆరేసేటప్పుడు లుంగీ దాని మీద పడ్డ ఒక్క రోజు తప్ప.

మట్టలు పెరిగినంక ఒకటి బచ్చన్నపేట పంపిన, ఒకటి చిట్యాలల ఉండే మా చిన్నచెల్లెకు ఇచ్చిన.

ఆ మధ్యల్నే అన్న లారీ దిగిండు. షుగర్ వల్ల కండ్లు మందగించినయ్. ఒకనాడు మునిమాపుల రోడ్డు మీద నిలబడ్డ బర్రె ఆయనకు ఆఖరి దాకా కనబడలేదు. క్లీనర్ అరిస్తే బ్రేకు వేసిండు. బర్రెకు ఏం కాలే, బండికి ఏం కాలే. అయినా తెల్లారి తాళంచెవి తీసుకపోయి లారీ సేటుకు ఇచ్చేసి ఇంటికొచ్చిండు. కంటి దవాఖానల కూడా ఇగ బండి నడపొద్దనే చెప్పినరు.

అప్పటి సంది ఆయన ఇల్లు కదలలేదు. పెండ్లి పిలుపులొస్తే వదిననే పోయేది. జనగామ పోవాలన్నా ఎవరన్నా బండి మీద తీసుకపోతే పోయేటోడు, లేకుంటే లేదు. బస్సెక్కుమంటే మాత్రం అస్సలు ఒప్పుకోడు. ఇన్నేండ్లు స్టీరింగ్ పట్టినోన్ని, ఇంకొకడు నడుపుతుంటే ఎనుక కూసోవాల్నా అని వదినతోని ఒకసారి అన్నడట. నేను ఫోన్ చేస్తే ఊ, ఆఁ అని వదినకు ఇచ్చేటోడు.

ఆ ఏడు చలి బాగా పడ్డది. చిట్యాల దిక్కు అడవి దగ్గర కాబట్టి మాకంటే ఎక్కువ చలి. చెల్లె వాళ్ళ ఇల్లు ఊరి చివర, చేన్ల పక్కన. పొద్దున మంట వేసుకోకుంటే చేతులు పనికి రావని చెప్పేది. ఒకనాడు ఫోన్ చేసి, అక్కా, నువ్విచ్చిన నాగజెముడు ఊదారంగు తిరిగి వడిలిపోయింది, నేల మీద పడ్డది, పీకేసి ఆడ బంతి పెడ్తా అన్నది. జర ఆగుమన్న. అన్నకు ఫోన్ చేసిన. వదిననే ఎత్తింది. సంగతి చెప్తే, ఫోన్ ఆయన చేతిల పెట్టింది.

"పీకొద్దని చెప్పు," అన్నడు అన్న. "అది సావలే. పండుకున్నది. ఎండలకు లేస్తది."

మళ్ళ ఆయనే చెల్లెకు ఫోన్ చేసిండట. నీళ్ళు పొయ్యొద్దని, ముట్టుకోవద్దని, చానాసేపు చెప్పిండట. అన్న అంతసేపు ఫోన్ల మాట్లాడి ఎన్నాళ్ళయ్యిందో అని చెల్లె నాతోని ఆశ్చర్యంగ చెప్పింది. ఆ తర్వాత వారానికోసారి ఆయనే ఆమెకు ఫోన్ చేసి ఎట్లున్నదని అడిగేటోడు. చెట్టు సంగతే, ఇంకేం లేదు.

ఎండలు ముదిరినంక అది నిజంగనే లేచింది. ముడుతలు పోయినయ్, మట్టలు పచ్చబడ్డయ్, అంచుల మీద మొగ్గలు కట్టినయ్. నేనప్పుడు వదినకు జ్వరమొస్తే చూసిపోదామని బచ్చన్నపేటకు పోయిన. నేనక్కడున్నప్పుడే చెల్లె వీడియో పంపింది. మొగ్గ పసుపు పచ్చగ విచ్చుకునేటట్టున్నది. రేపో ఎల్లుండో పూస్తది, పూస్తే ఒక్క పూటనే ఉంటదట అన్నది.

అన్న ఫోన్‌ను ముఖానికి దగ్గర పట్టుకున్నడు. పక్కకు తిప్పిండు. నీడలకు పోయి చూసిండు. మళ్ళ నా చేతికిచ్చి, "నాకు గిండ్ల కనబడ్తలేదు చెల్లె," అన్నడు.

వదిన మంచంల నుంచే, నాకు జ్వరం తక్కువైంది, పోయి చూసి రారాదు ఇద్దరు అన్నది. తెల్లారి అన్న స్నానం చేసి తెల్ల అంగీ వేసుకొని అరుగు మీద కూసున్నడు. నేను సంచి సర్దుకున్న.

జనగామల బస్సు ఎక్కినం. ఆడోళ్ళకు టికెట్ ఫ్రీ చేసినప్పటి సంది బస్సుల కాలు పెట్ట సందుండదు. నాకు ఎవరో జరిగి జాగ ఇచ్చినరు. అన్నకు సీటు దొరకలే. డ్రైవర్ ఎనుక కడ్డీ పట్టుకొని నిలబడ్డడు. రోడ్డుకు ఒక పక్క వడ్లు ఆరబోసినరు. ఎదురుంగ బండి వచ్చినప్పుడల్లా అన్న కుడికాలు నేలను నొక్కుడు నేను చూస్తనే ఉన్న. హన్మకొండల దిగినప్పుడు, ఎట్లున్నది అని అడిగిన. డ్రైవర్ మంచోడే, గేరు జర తొందరగ వేస్తుండు అన్నడు. పరకాల బస్సుల కిటికీ పక్కన సీటు దొరికింది. కాసేపటికి నిద్రపోయిండు. బస్సుల ఆయన నిద్రపోంగ నేను అదే మొదటిసారి చూసుడు.

మేం చిట్యాల చేరేసరికి పొద్దు వాలింది. పువ్వు ముడుచుకున్నది. పొద్దున పూసి ఇప్పుడే ముడిచింది అని చెల్లె బాధపడ్డది. అన్న చెట్టు దగ్గర కూసొని ముడిచిన పువ్వును చూసిండు. నారింజ రంగు తిరిగి నలిగి ఉన్నది. పక్కన ఇంకో మొగ్గ ఉన్నదని నేను చూపిస్తే తల ఊపిండు. ఆ రాత్రి అక్కడే ఉన్నం. చెల్లె కోడిగుడ్ల పులుసు చేసింది.

పొద్దున చాయ్ తాగినంక ఆ మొగ్గ మెల్లగ విచ్చుకున్నది. పసుపు రంగు, లోపల మొదట్ల కొంచెం ఎరుపు. మైనంతోని చేసినట్టు మెరిసింది. తేనెటీగలు వచ్చినయ్. మంచి ఎండ ఉన్నది కాబట్టి అన్నకు బాగనే కనబడ్డది. దగ్గర వంగి చానాసేపు చూసిండు. తర్వాత ఒక గడ్డిపరక తెంపి పువ్వు నడిమిట్ల ఉన్న పోగులను మెల్లగ తాకిండు. అవి ఒక్కొక్కటే లోపలికి వంగినయ్.

"కదులుతున్నయ్," అన్నడు. "దా, చూడు. కదులుతున్నయ్."

నేను, చెల్లె ఇద్దరం వంగి చూసినం. నిజమే, అన్ని పోగులు నడిమికి ముడుచుకుంటున్నయ్. ఆయనకు మా కంటే ముందు కనబడ్డది. ఆ సంతోషం ఆయన ముఖంల తెలిసింది. అప్పుడు ఆ దాబా ముసలామె గురించి మళ్ళ చెప్పిండు, ఈసారి ఇంకా వివరంగ. చలికి డీజిల్ గడ్డకడితే లారీ ట్యాంకు కింద మంట పెట్టిన సంగతి, రొట్టెల పిండి అయిపోతే డ్రైవర్లంత కలిసి ఒక లారీల ఉన్న ఆలుగడ్డలు ఉడకపెట్టుకున్న సంగతి. ఆమె పువ్వుల గురించి చెప్పింది గని, ఆ చెట్టు పూయంగ తనెన్నడూ చూడలేదన్నడు. ఆయన పోయినప్పుడల్లా అక్కడ చలికాలమే.

ఇదంతా అయినంక అన్న మారిపోయిండని చెప్పను. పెండ్లిళ్ళకు ఇప్పటికీ వదిననే పోతది. కాని కంటి దవాఖానకు బస్సెక్కి తనే పోతడు, తోడొస్తనంటే వద్దంటడు. బచ్చన్నపేటల ఆయన పెట్టిన చెట్టు బాగ పాకింది గని ఒక్క పువ్వు పుయ్యలేదు. నాది కూడా అంతే.

చిట్యాల చెట్టుకు వానకాలం పోయేనాటికి పండ్లు పండినయ్. చెల్లె ఒక పండును మంట మీద కాల్చి, తోలు తీసి, సగం నాకు పెట్టింది. పుల్లగున్నది, అన్నీ గింజలే. ఎంత కాల్చినా నూగుముండ్లు రెండు నాలుకకు తగిలినయ్. అన్నకు దాచిపెట్టిన పండు బచ్చన్నపేటకు తీసుకపోయి ఇస్తే ఆయన మొత్తం తిన్నడు, గింజలు చేతిలకు ఊసుకొని పెరట్లకు విసిరేసిండు.