ఒటిలీ క్రేన్ ఫైలు

వెర్లీన్ స్టకీ ఇరవై రెండేళ్లుగా ఆ చర్మవైద్యుల ఆసుపత్రి వెనక గదిలో కూర్చుని, రోగులకు చేసిన ప్రతి పనికీ బిల్లు కోడు వేస్తోంది. ఎవరి ముఖమూ చూసి ఎరగదు. వాళ్లు ఆమెకు మచ్చలుగానే పరిచయం: ఎడమ చెవి తమ్మె, కుడి ముక్కుపుటం, బట్టతల నడినెత్తి. ఫ్లోరిడా నారింజ తోటల ఎండ యాభై ఏళ్ల తర్వాత ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ వచ్చేది.

చర్మ క్యాన్సర్ రేడియేషన్‌కి వేసే పాత కోడు జనవరి ఒకటిన రద్దవుతుందన్నారు. కొత్తది వేయని ఫైలుకి ఆ తర్వాత మెషిన్ తెరుచుకోదు. చికిత్స సగంలో ఉన్నవాళ్ల ఫైళ్లు సరిగ్గా మారతాయో లేదో చూద్దామని నవంబరు మొదట్లో లేని మనిషినొకరిని ఆమె కల్పించింది. పరీక్ష కోసం అలా చేయడం ఆ పనిలో మామూలే. ఒటిలీ క్రేన్, డెబ్బై నాలుగేళ్లు, ముక్కు పక్కన మచ్చ, ఇరవై విడతల రేడియేషన్. తర్వాత చెరిపేయడం మరిచిపోయింది.

ఏడాది ఆఖరి రోజున చెరపబోతూ తెరిస్తే, పన్నెండు విడతలు పూర్తయినట్టుంది. ప్రతిదానికీ తేదీ, కిరణం వెళ్లిన లోతు, మెషిన్ నడిపే ఓడెల్ సంతకం.

రేడియేషన్ గదిలో ఓడెల్ ఉడికించిన వేరుశనగలు ఒలుచుకుంటున్నాడు. ఆవిడెవరని అడిగితే, పొద్దున్నే ఏడింటికి వచ్చే ముసలావిడేగా అన్నాడు. గోడకి వరసగా వేలాడుతున్న సీసపు తొడుగుల్లో ఆవిడదొకటి చూపించాడు. ముఖానికి అచ్చంగా ఒత్తి, మచ్చ ఉన్నచోట మాత్రం కన్నం పెట్టిన రేకు. వెర్లీన్ లోపలివైపు తాకింది. పెదాలు ఆనేచోట చెమ్మగా ఉంది.

"నన్ను ఆటపట్టిస్తున్నావా, ఓడెల్?"

"అంత తీరికెక్కడిది, మిస్ వెర్లీన్? పాపం, మీ సంగతే అడుగుతుంటుంది. మీ గదికి కిటికీ ఎందుకు పెట్టలేదని."

ముందు గదిలో రోగుల పేర్లు రాసుకునే బల్ల దగ్గర అడిగితే, అలాంటి మనిషి తలుపు దాటి రానేలేదన్నారు.

ఫైలు ఉంచితే లేని మనిషికి బిల్లు వేసిన నేరం. ఉద్యోగం పోతుంది, జైలు కూడా కావచ్చు. చెరిపేస్తే, ఎవరో ఒకావిడ సగం మాడిన మచ్చతో మూసుకున్న మెషిన్ ముందు నిలబడుతుంది. వెర్లీన్ రెండు రాత్రులు నిద్రపోలేదు.

జనవరి రెండున ఆరున్నరకే వచ్చి కూర్చుంది. ఏడింటికి ఫోను మోగింది.

"ఆవిడ వచ్చింది. మెషిన్ తెరుచుకోవడం లేదు," అన్నాడు ఓడెల్.

ఫోను ఆవిడకివ్వమంది వెర్లీన్. చాలాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది, ఏదో రేకు వెనక నుంచి వస్తున్నట్టు.

"సగంలో వదిలేస్తే మళ్లీ పెరుగుతుందటగా, తల్లీ," అంది గొంతు. అందులో నిష్ఠూరం లేదు.

వెర్లీన్ కొత్త కోడు కొట్టింది. బిల్లు ఎవరికీ పంపవద్దని గుర్తు పెట్టింది. సంతకం గడిలో తన పేరు పూర్తిగా రాసింది.

గోడ అవతల మెషిన్ సన్నగా మూలగడం మొదలుపెట్టింది. పదమూడో విడత.