మచ్చిక

ఉప్పాడ ఒడ్డున పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే గుర్రానికి ముళ్ల కళ్లెం వేశాడు దాని యజమాని. పగ్గం లాగినప్పుడల్లా నోటి నురగలో నెత్తురు కనబడేది.

"మచ్చిక చేశానండి, చెప్పినట్టు వింటుంది," అన్నాడు నాతో.

"దీన్ని మచ్చిక అంటారటయ్యా? మా నాన్న జట్కా గుర్రాన్ని బెల్లం పెట్టి, మెడ నిమిరి మచ్చిక చేశాడు. ఆ ముళ్లు నీ నోట్లో పెట్టుకుని చూడు!"

కనబడినప్పుడల్లా ఇదే తగువు. మొన్న వెళితే గుర్రం మూతికి ఒట్టి తాడే ఉంది. సంతోషంగా బెల్లం ముక్కతో చెయ్యి చాపాను. అది బెల్లం వాసనైనా చూడలేదు. నా చెయ్యి చూడగానే వణుకుతూ నోరు తెరిచి నిలబడింది. ఆ తెరిచిన నోరు కళ్లు మూసినా కనబడుతోంది.

"ఇంకా ఆ ముళ్ల కళ్లెం వేస్తున్నావా ఏంటి?" అని గద్దించాను.

"లేదండీ తాతగారూ, ఆ కళ్లెం సముద్రంలో పారేశాను. ఆ సంగతి దానికింకా తెలీదండి."