పడి బొరుగుల బరువు

తూకాల విషయంలో నా తెలివి చాలా తేలిక. పడి అనే కొలపాత్ర నిండా బియ్యం పోస్తే కిలోన్నర తూగుతాయి గనక పడి ఏదైనా కిలోన్నరేనని నమ్మినవాణ్ణి. అత్తగారు తొలిసారి మా తిరుపతి ఇంటికొచ్చిన రోజు, తిరగవాత పెట్టడానికి పడి బొరుగులు, అంటే మరమరాలు, తెమ్మంది నా భార్య. పనికొచ్చే అల్లుడనిపించుకోవాలని ఉత్సాహంగా బయలుదేరాను. అంగట్లో తూచే అమ్ముతారు. కిలోన్నర అడిగాను.

“ఏమప్పా, ఇంట్లో పెండ్లి ఉండాదా?” అన్నాడు అంగడాయన.

స్కూటర్ మీద తలగడంత సంచితో ఇల్లు చేరాను.

“ఏమల్లుడూ, అంగడే ఎత్తుకొచ్చినారే!” అని అత్తగారు పడీపడీ నవ్వారు. వీధంతా చెప్పి మళ్ళీ నవ్వారు.

మూడోరోజు ఆమెను చిత్తూరు బస్సెక్కించి, మిగిలిన సంచి ఒళ్ళో పెట్టాను.

“బరువేం ఉండదు లేత్తా” అన్నాను. సంచి వెనక ఆమె ముఖం కనబడలేదు.