కన్యక వంతుకు వచ్చిన కథ

రాయచూరు బజారులో నవారు, తాళ్లు అమ్మే కన్యక బేరం లేనప్పుడల్లా ఒక పాత కథను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంది. చెదలు తిన్న పేజీ మీద స్కేలు ఆనించి, పెదవి కదుపుతూ ఒక్కో వాక్యం చదువుకుంటుంది. కళ్లు మండితే తడి చేతిగుడ్డ అద్దుకుని మళ్లీ స్కేలు జరుపుతుంది. హక్కుల గడువు తీరిన రచనలతో ఊరివాళ్లు కలిసి కూర్చుతున్న సంకలనంలో ఇది ఆమె వంతు. రాసినవాడు ఒకప్పుడు ఈ బజారులోనే గుమాస్తా. అతడు పోయి అరవై ఏళ్లు దాటి, హక్కుల గడువు తీరినట్టు రాతపూర్వకమైన ఆధారం దొరికితేనే కథ అచ్చుకు వెళ్తుంది. అందుకే ఆదివారం దుకాణం మూసి, ఎనభై దాటిన అతని కోడలు సుభద్రమ్మ ఇంటికి వెళ్లింది.

"మీ మామగారు ఎప్పుడు పోయిండ్రు అవ్వా?"

"కార్తీక బహుళ చవితి. ఏటేటా తద్దినం పెడ్తనే ఉన్నం గద."

"తిథి కాదవ్వా, ఏ సంవత్సరమని."

"అదెవరు రాసుకున్నరు బిడ్డా? నేను కాపురానికొచ్చేసరికే ఫోటోకు దండ ఉండె."

"అరవై ఏండ్లు దాటిందని కాయితమేమన్న ఉందా?"

"కాయితమెందుకు? అప్పటిసంది తద్దినానికి నేనే వండుతున్న. దాటకుంటే నా నడుము గిట్ల వంగుతదా?"

కన్యక నవ్వింది. ముసలామె మాటలో ఆమెకు అనుమానం లేదు. రాతలో చూపడానికే ఏమీ లేదు.

గడప దిగుతుంటే సుభద్రమ్మ వెనక నుంచి, "పుస్తకంల మామ పేరు జర పెద్దగ ఎయ్యిండ్రి, నాకు చూపు ఆనదు" అంది. కన్యక సరేనంది.

మర్నాడు దుకాణంలో ఆ కథను సంకలనం నుంచి తీసి వేరుగా దాచింది. దాచేముందు పేరును పెద్ద అక్షరాల్లోకి మార్చింది.