ఉడుకునీళ్ల పేరంటాలు

మా అమ్మ దయ్యమైందన్న సంగతి నాకు ఫోన్‌లో తెలిసింది. ఎవరో కుర్రాళ్లు తీసిన వీడియో. టేకల్ ఊరవతల గుండ్ల మధ్య ఉడుకునీళ్ల ఊట, దాన్ని ఆనుకుని పాడుబడ్డ రిసార్టు, అక్కడ గజ్జెల చప్పుడు, తెల్లచీర, ప్రియుడి కోసం ప్రాణం తీసుకున్న ఆడమనిషి. మా అమ్మ జన్మలో గజ్జెలు కట్టి ఎరగదు. ఒళ్లు మండి ఫోన్‌ను మంచం మీదికి విసిరేశాను.

అసలు జరిగింది ఇది. కేజీఎఫ్ బంగారు గనుల పక్కన ఆండర్సన్‌పేటలో మేమున్నప్పుడు నాయన గనిలో రాయి పేలి చనిపోయాడు. తర్వాత అమ్మ ఆ రిసార్టులో పనికి కుదిరింది. ఆ నీళ్లలో కూర్చుంటే కీళ్లనొప్పులు పోతాయని బెంగళూరు నుంచి కార్లలో వచ్చేవాళ్లు. వాళ్లు కూర్చుని లేచిపోయాక తొట్టిలో పాచి గీకేది మా అమ్మ. ఒకరోజు పొద్దున ఆ పాచి మీదే జారి, రాతిమెట్టుకు తల కొట్టుకుని పోయింది. ప్రియుడూ లేడు, శాపమూ లేదు. కొన్నేళ్లకు గిరాకీ లేక రిసార్టు మూతపడితే ఆ పాపం కూడా మా అమ్మ నెత్తినే రుద్దారు.

అమ్మ సొంత చెల్లెలు, మా చిన్నమ్మ, ఇప్పటికీ ఆండర్సన్‌పేటలోనే ఉంటుంది. ఆమెకు ఫోన్ చేసి కడుపులో ఉన్నదంతా కక్కేశాను. అంతా విని, ఆ దయ్యం కథలు బయటివాళ్లవనీ, మన పేటవాళ్లకు మాత్రం అక్క పేరంటాలైందనీ, ప్రతి శుక్రవారం ఆడవాళ్లు పసుపు కుంకుమ తీసుకుని పోతున్నారనీ చల్లగా చెప్పింది. మొగుడు బతికుండగా పోయిన ముత్తైదువను మావాళ్లు పేరంటాలని కొలుస్తారు. గాజులు పెడతారు, చీర పెడతారు. అమ్మకు ముందే నాయన పోయాడు. మరి ఆమె పేరంటాలు ఎట్లా అయింది? అడిగితే, వచ్చి చూడమంది.

పోయాను. మా ఆయన పోయి ఏడాది దాటింది. అత్తగారింటివాళ్లు తుడిచేసిన బొట్టు మళ్లీ పెట్టుకునే తెగువ నాకూ రాలేదు. బోసి నొసటితోనే చిన్నమ్మ వెంట బస్సెక్కాను.

రిసార్టు గదులకు కప్పుల్లేవు. తలుపులూ కిటికీలూ ఎవరో పీక్కుపోయారు. గోడల్లోంచి తుమ్మమొక్కలు లేచాయి. తొట్టిలో నీళ్లు మాత్రం ఇంకా వెచ్చగానే ఉన్నాయి, పైన పలచగా ఆవిరి ఆడుతోంది. అమ్మ తల తగిలిన ఆ మెట్టుకే పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, ఎర్రచీర చుట్టి, ఆకుపచ్చ గాజులు పేర్చారు. మా అమ్మ ప్రాణం తీసిన రాయికి దండాలు!

అక్కడున్న ఆడవాళ్లలో సగంమంది మా వీధివాళ్లే. నాకు బాగా గుర్తు. అమ్మ ఎదురైతే ఇంట్లోకి తిరిగిపోయి, నీళ్లు తాగి మళ్లీ బయల్దేరేవాళ్లు. వరలక్ష్మి వ్రతానికి మా గడప దాకా వచ్చి నన్ను పిలిచి, చిన్నపిల్లనని నాకు బొట్టు పెట్టి తాంబూలం ఇచ్చేవాళ్లు. పక్కన నిలబడ్డ అమ్మ వాళ్ల కంటికి మనిషిగా ఆనేది కాదు. అలాంటి వాళ్లు ఇప్పుడు చెంపలు వేసుకుంటున్నారు.

చిన్నమ్మను గోడ చాటుకు లాగి, వీళ్లకు అమ్మ సంగతి తెలియదా, మరిచిపోయినట్టు నటిస్తున్నారా అని నిలదీశాను. పాతవాళ్లకు తెలిసే ఉంటుందిలే అని నసిగి, చివరికి బయటపడింది.

"నేనే చెప్పినాను, అక్క పుణ్యస్త్రీగా పోయిందని. కొత్త కోడళ్లు నమ్మినారు, ముసలోళ్లు నోరు మూసుకున్నారు. మొగుడు లేనిదని తెలిస్తే దయ్యమేనని మంత్రగాణ్ణి తెచ్చి ఆడ మేకులు కొట్టిస్తారు కదమ్మా. ఇప్పుడు చూడు, చీర పెడతా ఉండారు. తప్పేముండాది?"

ఆమె చెప్పిన దాంట్లో అబద్ధమూ ఉంది, ప్రేమా ఉంది. సరే, అమ్మకు ఇప్పటికైనా ఒక చీర దక్కిందిలే అనుకుని నోరు కట్టుకుని వచ్చి కూర్చున్నాను.

పూజ అయింది. ఆ రాతి మీది కుంకుమను పళ్లెంలోకి తీసి, చిన్నమ్మే అందరికీ పెడుతూ వచ్చింది. నా ముందున్న ఆమెకు పెట్టింది. నా వెనకున్న కొత్త కోడలికి పెట్టింది. నన్ను దాటేసింది. కావాలని కాదు. చెయ్యి దానంతటదే పక్కకు పోయింది. అదే నన్ను ఇంకా మండించింది.

లేచి నిలబడి, అందరికీ వినబడేలా చెప్పాను.

"ఈమె మా అమ్మ. మొగుడు పోయినాక ఈడ పాచి గీకి నన్ను సాకింది. ఆమె బతికుండగా మీలో ఎవరూ బొట్టు పెట్టలేదు."

ముందు ఆ కొత్త కోడలు కొంగుతో నొసలు గట్టిగా తుడుచుకుంది. దాన్ని చూసి ఇంకొకామె. పళ్లేలు సర్దుకుని ఒక్కొక్కరే గోడ దాటి వెళ్లిపోయారు. ఎవరో పోతూపోతూ రాతికి చుట్టిన చీర కూడా విప్పి తీసుకుపోయారు.

చిన్నమ్మ పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడింది. ఏడుస్తోంది. వచ్చే శుక్రవారం నుంచి అక్కకు దీపం పెట్టే దిక్కు లేకుండా చేశావంది. నేను ఆమె ముందుకు పోయి నొసలు చూపించాను.

"పెట్టు చిన్నమ్మా. మీ అక్క కూతురిని."

ఆమె వేలు కుంకుమ దాకా పోయింది. అక్కడే ఆగింది.

"మీ చిన్నాయనకు గుండె ఆపరేషనై నెల కూడా కాలేదమ్మా. నన్ను బలవంతం చెయ్యొద్దు."

ఆ పళ్లెం ఆమె చేతుల్లోంచి లాక్కుని నేనే పెట్టుకున్నాను. తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉంది. మా చిన్నమ్మ కేజీఎఫ్ దాకా నిలబడే వచ్చింది.