యూనాన్ అన్న వెలిగించిన ఇళ్ళు

మా ఇంటి మేడెక్కితే థర్మల్ పొగగొట్టాలు కనిపిస్తాయి. ఎక్కడెక్కడి ఊళ్ళకో ఇక్కణ్ణుంచే కరెంటు పోతుంది. మా ముత్తుకూరు వీధికి మాత్రం సముద్రం మీంచి గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, ఫ్యాన్లు ఆగిపోతాయి. మొన్న సాయంత్రం అట్లాగే ఆగితే, పక్కనున్న ఫంక్షన్ హాలువాళ్ళు జనరేటరు వేశారు. ఇంజను అందుకునేటప్పుడు వదిలే మొదటి నల్ల పొగ, సగం కాలిన డీజిల్ వాసన, కిటికీలోంచి నేరుగా వచ్చి గొంతులో కూర్చున్నాయి. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. నేను కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. "ఏంది, ఆ కంపు అంత బాగుండాదా?" అంది మా ఆవిడ రషీదా. బాగుండటం కాదు. ఆ వాసన తగిలితే నాకు యూనాన్ అన్న గుర్తొస్తాడు. ఆయన పోయాడని కబురు తెలిసి ఏడాది దాటింది. జనరేటరు పక్కనే, తన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే పోయాడట. అంతకంటే వేరేచోట పోతాడని నేనూ అనుకోలేదు.

ఆయనది ఇరాక్ ఉత్తరాన నినెవె మైదానంలో ఒక చిన్న పట్నం. పేరు రాయను, అక్కడ ఇంకా కొద్దిమంది మనుషులున్నారు. అస్సీరియన్ల ఊరది. వాళ్ళు అరబ్బులు కారు, కుర్దులు కారు; ఎప్పటి కాలం నుంచో ఆ నేల మీదే ఉంటున్న క్రైస్తవులు, ఇంట్లో తమ పాత భాషే మాట్లాడుకునేవాళ్ళు. నల్లజెండాల ముఠా ఒక వేసవిలో ఆ మైదానం మీద పడినప్పుడు ఊరు ఊరంతా కట్టుబట్టలతో పారిపోయింది. "మమ్మల్ని కాపాడతామని చెప్పి మా దగ్గర తుపాకులు తీసుకున్నోళ్ళు మాకంటే ముందే పారిపోయినారబ్బా" అని యూనాన్ అన్న ఎన్నిసార్లు చెప్పాడో. కోపంగా కాదు, అలసిపోయి చెప్పేవాడు. ముఠాను తరిమేశాక తిరిగొచ్చినవాళ్ళు, ఇక ఎవరి కాపలా మాకొద్దని, తామే ఒక దళం కట్టుకున్నారు. వడ్రంగి, టీచరు, కోళ్ళఫారం ఆయన, అందరూ వంతులవారీగా తుపాకీ భుజాన వేసుకుని ఊరి మొగదల అడ్డకర్ర దగ్గర కూర్చునేవాళ్ళు. యూనాన్ అన్న కూడా ఆ దళంలో మనిషే. దాంతోపాటు ఊరికి కరెంటిచ్చే పెద్ద జనరేటరు ఆయనదే. సర్కారు కరెంటు వచ్చే గంటలకంటే రాని గంటలే ఎక్కువ కాబట్టి ఆ ఊరు ఆయన డీజిల్ మీదే బతికేది. నేను ఆ జనరేటరుకి మెకానిక్కుని. అంతకుముందు పనిచేసిన కంపెనీ మూతపడి రోడ్డున పడితే, ఎర్బిల్ పట్నంలో ఒక వర్క్‌షాపులో నా పని చూసి ఆయనే తీసుకెళ్ళాడు.

ఆయన నాతో అరబీలో మాట్లాడేవాడు. నాది గల్ఫులో ఏరుకున్న అరకొర అరబీ. అందుకని ఇక్కడ ఆయన చేత మా నెల్లూరు మాటే మాట్లాడిస్తున్నాను. వింటే నవ్వేవాడే గానీ వద్దనేవాడు కాదు.

మొదటిరోజే ఆ అడ్డకర్ర దగ్గర నా ప్రాణం పోయినంత పనైంది. మా జిల్లాలో సాయిబుల ఇళ్ళలో సగంమందికి పేరు ముందు షేక్ అని ఉంటుంది, ఇంటిపేరు లాగా. నా పాస్‌పోర్టులోనూ అదే, షేక్ మస్తాన్. అక్కడ షేక్ అంటే ఒక తెగకు పెద్ద. కాపలాలో ఉన్న నినోస్ అనే మనిషి నా పాస్‌పోర్టు చూసి తుపాకీ భుజం మీంచి దించాడు. "ఏ తెగకు షేకువి? నీ మనుషులు యాడుండారు?" అన్నాడు. నేను చేతిలో రెంచీల సంచీ పట్టుకుని బిక్కచచ్చిపోయి నిలబడ్డాను. ఇంతలో యూనాన్ అన్న గ్రీజు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "డీజిల్ తెగకి షేకులేరా ఈయన. ఇకమీద మన జనరేటరు ఈయన మాటే వింటాది. కర్ర ఎత్తు" అన్నాడు. అందరూ నవ్వారు, నినోస్ తప్ప. అతని ఇల్లు తగలబెట్టినవాళ్ళు నా దేవుడి పేరు చెప్పుకునే వచ్చారు. అతని మీద నాకు కోపం రాలేదు, భయం మాత్రం చాలాకాలం పోలేదు.

ఊరు తిరిగి నిలబడిందని నేను అనుకున్నాను గానీ అది పైకి అంతే. వచ్చినవాళ్ళు వచ్చినట్టే మళ్ళీ వెళ్ళిపోతున్నారు. ఆస్ట్రేలియాలో తమ్ముడున్నవాడు ఆస్ట్రేలియాకి, స్వీడన్లో మేనమామ ఉన్నవాడు స్వీడన్‌కి. బయటివాడు లోపలికి రాకుండా తుపాకీ పట్టుకుని కూర్చున్నవాళ్ళే, లోపలివాళ్ళు బయటికి పోతుంటే కర్ర పైకెత్తి పట్టుకునేవాళ్ళు. పొద్దుగూకితే మేముండే వీధిలోనే సగం ఇళ్ళు చీకటి. అది యూనాన్ అన్నకి నిద్రపట్టనిచ్చేది కాదు. "చీకటిల్లు బయటోడు చూసినాడంటే వాడికి ఆశ పుడతాది మస్తాన్. ఇవాళ తాళం పగలగొడతాడు, రేపు ఆ ఇల్లు తనదేనని కాగితం పుట్టిస్తాడు. ఇంక మనం దారిలో తుపాకులు పట్టుకుని కూర్చుని ఏం లాభం?" అన్నాడు. అట్లా మొదలైంది ఆ పని. ఖాళీగా ఉన్న ప్రతి ఇంట్లోనూ వంటింట్లో ఒకటి, ముందు గదిలో ఒకటి బల్బు పెట్టి, లైను సరిచూసి, ఆ లైన్లన్నిటికీ జనరేటరు షెడ్డులో స్విచ్చులు బిగించడం నా వంతు.

"మన ఇళ్ళలోకి ఈయన్ని పంపిస్తావా?" అని నినోస్ నా ఎదుటే అడిగాడు. యూనాన్ అన్న, వెళ్ళిపోయినవాళ్ళు తన దగ్గర ఉంచిన తాళాల గుత్తి బయటికి తీశాడు. "మన ఇళ్ళు దోచుకున్నోళ్ళలో మన పొరుగూరోళ్ళు ఉండారు, మన పెళ్ళిళ్ళలో తిన్నోళ్ళు ఉండారు. ఈ మనిషి సముద్రం దాటి వచ్చి మనకి లైట్లు వేస్తుండాడు. అందరినీ ఒక గాటన కట్టేదానికి నాకు ఓపిక లేదురా" అన్నాడు. నా చేతిలో తాళాలు పెట్టేశాడు. ఎవరి ఇంట్లోకైనా అడుగుపెట్టే ముందు గడప దగ్గర చెప్పులు విడిచేవాణ్ణి. గోడమీద పెళ్ళి ఫోటోలు, బీరువా పైన మడతపెట్టిన పరుపులు. నన్ను నమ్మి పంపాడు ఆయన. ఆ నమ్మకం మా ఊళ్ళో నన్ను పుట్టినప్పటినుంచీ ఎరిగినవాళ్ళు కూడా నా మీద పెట్టలేదు.

మొదటి సాయంత్రం నేను స్విచ్చులన్నీ వరసబెట్టి టకటకా వేసేశాను. ఊరంతా ఒక్కసారి భగ్గున వెలిగింది. యూనాన్ అన్న తల పట్టుకున్నాడు. "ఏందబ్బా ఇది? ఊరా, పెళ్ళి పందిరా? దూరంనించి చూసేవాడు నమ్మాలంటే ఇట్లానా?" అని నన్ను పక్కకి జరిపి, అన్నీ ఆర్పి, మళ్ళీ తను మొదలుపెట్టాడు. "ఇది షమీరం ఇల్లు. బియ్యంలో రాళ్ళు కనపడవని భయం ఆమెకి, ఎండ ఉండగానే వంటింట్లో లైటేస్తాది. ముందు ఆమెది. ఇది గేవర్గీస్ మాస్టారిది. పిసినారి. పుస్తకం ముక్కుకి ఆనించుకుని చదువుతాడు గానీ స్విచ్చు ముట్టడు. ఆయనది చిట్టచివర." షమీరం ఆస్ట్రేలియా వెళ్ళిపోయింది. మాస్టారు స్వీడన్లో కొడుకు దగ్గరున్నాడు. అయినా ఆ ఊళ్ళో వాళ్ళ సాయంత్రాలు వాళ్ళకి జరిగిపోతూనే ఉండేవి. ఇట్లా ఖాళీ ఇళ్ళన్నిటి అలవాట్లూ ఆయనకి కంఠోపాఠం. కొన్నాళ్ళకి నాకూ వచ్చేశాయి. ఎన్నడూ చూడని మనుషుల కోసం సాయంత్రమయ్యేసరికి నేను తొందరపడేవాణ్ణి.

ఆ లైట్లు నిజంగా ఊరిని కాపాడిన సాయంత్రం ఒకటుంది. పికప్పు బండ్లలో కొందరు వచ్చారు. అవతలి ప్రాంతానికి చెందిన ఇంకో దళం, మాకంటే కొత్త తుపాకులు. వాళ్ళ పెద్ద చాలా మర్యాదగా మాట్లాడాడు. "మీ ఊళ్ళో ఇళ్ళు ఖాళీగా ఉండాయంట. మావాళ్ళు ఇళ్ళు లేక అల్లాడుతుండారు. మా కాపలా కూడా ఉంటే మీకూ ధైర్యం గదా" అన్నాడు. మా దళంలో అప్పటికి అక్కడున్నది నలుగురో ఐదుగురో. నినోస్ మొహంలో నెత్తురు లేదు. యూనాన్ అన్న మాత్రం కుర్చీలు వేయించి, "ఖాళీనా? ఎవరు చెప్పినారు? టీ తాగండి, పోదురుగాని" అని కూర్చోబెట్టాడు. సూర్యుడు దిగుతున్నాడు. "మస్తాన్, టైమైంది" అని షెడ్డువైపు కేకేశాడు. నేను స్విచ్చుల ముందుకి వెళ్ళాను. షమీరం వంటిల్లు. తర్వాత మూలమీద ఇల్లు. ఆ తర్వాత డాబా ఇల్లు. ఒక్కొక్కటీ, తొందరపడకుండా, మధ్యలో నిజంగా ఉన్న ఇళ్ళు కూడా వెలుగుతూ, వీధులన్నీ నిండుకున్నాయి. ఒక్క ఇల్లు మాత్రం చీకట్లో మిగిలింది. పెద్ద దానివైపు చూశాడు. "అది మాస్టారిది. పిసినారి ముండాకొడుకు, ఇంకాసేపు వెయ్యడు" అని విసుక్కున్నాడు యూనాన్ అన్న. నిజంగానే కాసేపాగి వేశాను. ఆ పెద్ద పకపకా నవ్వి, "మా మామ కూడా ఇంతే" అన్నాడు. టీ తాగి వెళ్ళిపోయారు. వాళ్ళు కనుమరుగయ్యాక నినోస్ షెడ్డులోకి వచ్చి తన టీ గ్లాసు నా చేతిలో పెట్టాడు. యూనాన్ అన్న బయట కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. ఆయనకి గెలిచిన సంబరమేమీ లేదు. "రేపు మళ్ళీ వెయ్యాలగదబ్బా" అన్నాడు.

ఆయన భార్య పేరు మరియమ్. మా అమ్మ పేరూ అదే కావడంతో ఆ ఇంట్లో నాకు తొందరగా చనువు దొరికింది. వదినా అనేవాణ్ణి. యూనాన్ అన్న సాయంత్రం షెడ్డు వదిలి రాడు కాబట్టి ఆయన అన్నం క్యారియరు కోసం రోజూ నేనే వెళ్ళేవాణ్ణి. ఇద్దరు ఆడపిల్లలు వాళ్ళకి. పెద్దది కాలేజీకి పోవాలంటే దారిలో ఎవరెవరివో చెక్‌పోస్టులు దాటాలి. ఒకసారి దాన్ని బండి దింపి గంటసేపు నిలబెట్టారు. ఆ తర్వాత అది గడప దాటలేదు. వదినకి ఆస్ట్రేలియాలో ఉన్న అన్నయ్య వీసాల కోసం ప్రయత్నం మొదలుపెట్టాడు. అందరికీ కలిపే. యూనాన్ అన్న తన కాగితాల మీద సంతకం పెట్టలేదు. ఒకరోజు నా ఎదుటే వదిన అంది: "ఎవరూ లేని ఇళ్ళకి ఇన్ని లైట్లు వేస్తావే, మనుషులుండే ఇల్లు ఒకటుండాది, అది నీకు కనపడదా?" ఆయన తలొంచుకుని, "మీరు ఉండాలనే గదా ఇదంతా. ఊరు నిలబడితే మీరుంటారనే గదా" అన్నాడు. నాకు అక్కడ నిలబడాలనిపించలేదు. ఆయన ఆశంతా అదే. కాపలా గట్టిగా కాస్తే, లైట్లు నిండుగా వెలిగితే, ఆ పిల్లకి భయం పోతుందని. అది పోలేదు.

వీసాలు వచ్చాయి, ఆయనకి తప్ప ముగ్గురికి. వెళ్ళేవాళ్ళని నేను ఏదో అనబోతే నన్ను ఆపాడు. "ఒక్కమాట అనబాక. ఉండమని చెప్పేదానికి మన చేతిలో ఏముండాది?" అన్నాడు. వాళ్ళు బయల్దేరే పొద్దున అడ్డకర్ర దగ్గర కాపలా ఆయనదే. నినోస్ తను నిలబడతానన్నాడు, ఈయన ఒప్పుకోలేదు. కారు వచ్చి ఆగింది. వదిన అద్దం దించి, "వేళకి తిను" అంది. పిల్లలు ఏడుస్తున్నారు. ఆయన తన చేత్తోనే కర్ర పైకెత్తాడు. కారు వెళ్ళిపోయాక కూడా అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. వెనక వచ్చిన లారీవాడు హారన్ కొట్టి దాటిపోయాడు, ఈయన దించలేదు. చివరికి నినోస్ వచ్చి చెయ్యి పట్టుకుని దింపించాడు.

ఆ సాయంత్రం షెడ్డులోకి వచ్చి స్విచ్చుల ముందు నిలబడ్డాడు. షమీరందీ, మూలమీద ఇంటిదీ వేశాను. "మా ఇంటిది ఎప్పుడు వెయ్యాల?" అన్నాడు. నాకు అర్థంకాలేదు. "మరియమ్ ఎప్పుడు వేసేదిరా లైటు? ముందు యాడ వేసేది? సాయంత్రంపూట నేనెప్పుడూ ఇంట్లో లేనుగదా" అన్నాడు. ఊళ్ళో ప్రతి ఇంటి అలవాటూ తెలిసిన మనిషి, తన ఇంటిది నన్నడుగుతున్నాడు. క్యారియరు కోసం వెళ్ళిన ప్రతి సాయంత్రమూ చూశాను కాబట్టి నాకు తెలుసు.

"వదిన వంటింట్లో వెయ్యదన్నా. ముందు మేడమీద వేస్తాది. అందరికంటే ముందే, షమీరం కంటే కూడా ముందే."

"మేడమీదా? అక్కడ ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు. ఈ షెడ్డుకి కనపడేది అదొక్కటే గదన్నా. మీరు చూస్తారని."

ఆయన వాకిలి దగ్గరికి వెళ్ళి తన ఇంటి మేడవైపు చూశాడు. అన్ని సాయంత్రాలూ అది వెలుగుతూనే ఉండేది, ఈయన స్విచ్చుల వైపు తిరిగి కూర్చునేవాడు. నేను ఆ ఇంటి తీగని ఒక స్విచ్చుకి తగిలించి దాని మీద చెయ్యి వేస్తే "ఆగు" అన్నాడు. తనే వచ్చి వేశాడు. తర్వాత ఆ ప్లాస్టిక్ కుర్చీని మేడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. నేను ఉన్నన్నాళ్ళూ ఆ కుర్చీ మళ్ళీ స్విచ్చుల వైపు తిరగలేదు.

నేను తిరిగొచ్చి ఇక్కడ మోటార్ల రిపేరు షాపు పెట్టుకున్నాను. పోర్టు పనివాళ్ళు డ్యూటీ దిగి వచ్చే వేళకి, సరిగ్గా బేరం అందుకునే వేళకి, షట్టరు దించేసి ఇంటికొస్తాను. తిక్కలోడు అంటారు బజార్లో. అననీ. ఊరిని కాపాడే ఓపిక నాకు లేదు, ఆ ధైర్యమూ లేదు. చీకటి పడకముందు వచ్చి మెట్లమీద కూర్చుంటాను. రషీదా వచ్చి వాకిట్లో లైటు వేస్తుంది. "చూశాను" అని పైకే చెబుతాను. "లైటులో చూసేదానికేముండాది, రోజూ ఇదే మాట" అని కసురుకుని లోపలికి పోతుంది. రేపూ చెబుతాను.