మిజెల్లీ అత్త ఆరో కప్పు

పొగమంచులో ముందు పింగాణీ గలగల వినిపించేది. తర్వాత గుర్రం ఊపిరి. ఆ తర్వాతే మంచు పక్కకు జరిగి, బండి ముందు పలక మీద కూర్చున్న మా అత్త మిజెల్లీ కనిపించేది. వాళ్ళమ్మ ఇచ్చిన ఆరు కప్పులు బండి లోపల గుడ్డల మధ్య ఊగేవి. ఇంగ్లండులోని కెంటు దారుల్లో ప్రతి గుంటా వాటికి తెలుసు.

నేను ఇళ్ళలో ఉండేవాళ్ళకు పుట్టినదాన్ని. జిప్సీల బండిలోకి కోడలిగా వచ్చాను. అత్త నాకు మొదట చూపించింది రెండు బేసిన్లు. తెల్లది కప్పులకూ పళ్ళేలకూ, నీలంది ఒళ్ళు కడుక్కోవడానికి. కలిపామా, మైల. మైలపడిన గిన్నెను పగలగొట్టాల్సిందే.

ఆ ఏడు బీరులో వేసే హాప్ పూల కోత అయిపోయేసరికి మామయ్య దగ్గుతో పడకేశాడు. చలికాలమంతా ఆ హాప్ పొలం అంచునే ఆగితే బతుకుతాడు. రోడ్డెక్కితే కష్టం. మమ్మల్ని ఎరిగిన ఆ పొలం పాత రైతు చనిపోయాడు. మమ్మల్ని ఉండనివ్వాలో వద్దో చూద్దామని ఆయన కోడలు హెస్టర్ గారు ఒక సాయంత్రం వచ్చింది. నిప్పు పక్కన కూర్చుని మా టీ తాగింది.

"మీవాళ్ళు కోళ్ళు ఎత్తుకుపోతారట కదా," అంది.

"మీ కోళ్ళను చూశానమ్మా. ఎత్తుకుపోయేంత కండేదీ వాటికి?" అంది అత్త.

హెస్టర్ గారికి నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే లేచి, సాయం చేద్దామని, తన కప్పును నీలం బేసిన్లో ముంచి కడిగేసింది.

పొగ కూడా కదలడం మానేసినట్టనిపించింది. ఆమె కళ్ళ ముందు కప్పు పగలగొడితే మేం ఆ రాత్రే రోడ్డు మీద. దాచుకుంటే బండంతా మైల. లోపల మామయ్య దగ్గుతున్నాడు.

అత్త నెమ్మదిగా లేచింది. ఒక పాతగుడ్డతో కప్పు తుడిచి, తిరిగి ఆమె చేతిలోనే పెట్టింది.

"ఇది మీరే ఉంచుకోండమ్మా. మా అమ్మది."

హెస్టర్ గారు కప్పును నిప్పు వెలుగులో తిప్పి చూసింది.

"వసంతం దాకా ఉండండి. కట్టెలు పంపిస్తాను," అని, పక్షిపిల్లను పట్టుకున్నట్టు దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని మంచులో కలిసిపోయింది.

"బాధగా లేదా అత్తా?" అన్నాను.

"మా అమ్మైతే నీ మామ కోసం ఆరూ ఇచ్చేసేది. నువ్వెళ్ళి ఆయనకింత టీ పెట్టు, పిల్లా."